ట్రయల్ సైకిల్ ఎంపిక: ట్రావెల్ అంకె చెప్పేదెంత, చెప్పనిదెంత

అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రం వాయవ్య మూలన ఉన్న బెంటన్‌విల్‌కు వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం వల్ల పేరొచ్చింది. ఆ ఆఫీసులోనూ, దానికి సాఫ్ట్‌వేర్, సరుకులు అందించే కంపెనీల్లోనూ పనిచేసే తెలుగువాళ్లు ఆ చుట్టుపక్కల ఊళ్లలో బాగానే ఉన్నారు. కొత్తగా వచ్చినవాళ్ల కళ్లు మొదట ఆగేది ఆఫీసు మీద కాదు, కార్ల వెనక స్టాండ్లకు వేలాడే బురద పట్టిన సైకిళ్ల మీద. 2007లో స్లాటర్ పెన్ అనే అడవి దారితో మొదలైన పని, వాల్టన్ కుటుంబం డబ్బుతో ఊరూరికీ పాకింది. కోలర్, బ్యాక్ 40, లిటిల్ షుగర్ అంటూ వందల మైళ్ల కాలిబాట వెడల్పు దారులు వచ్చాయి. ప్రపంచ మౌంటెన్ బైకింగ్ రాజధాని అని ఊరు తనకు తానే బిరుదు ఇచ్చుకుంది కూడా.

అలాంటి చోట కొన్నాళ్లుంటే ఆ సరదా ఎవరికైనా అంటుకుంటుంది. అక్కడినుంచి టెన్షన్ మొదలు. షాపులో వరసగా నిలబెట్టిన సైకిళ్లు చూడ్డానికి ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఒకదాని ధర 2,500 డాలర్లు, పక్కదానిది 9,000. ప్రతిదాని పక్కనా 130/140, 145/150 లాంటి ఓ జంట అంకె. అది ట్రావెల్, అంటే వెనక, ముందు చక్రాలు ఎన్ని మిల్లీమీటర్లు కదులుతాయో చెప్పేది. మిగతావేవీ అర్థం కాకపోయినా ఈ అంకె అర్థమవుతుంది కాబట్టి కొనేవాళ్లు దాన్నే పట్టుకుంటారు, ఎక్కువుంటే మంచిదనుకుంటారు. నిజానికి ట్రయల్ సైకిల్, అంటే ఎక్కడికైనా పనికొచ్చే అడవి దారి సైకిల్ కావాలనుకునేవాళ్లు చూడాల్సిన వాటిలో ట్రావెల్ మూడోదో నాలుగోదో. ఏడాదిలో ఎక్కువ రోజులు తొక్కే దారి ఏది, తొక్కే మనిషి ఎత్తూ బరువూ ఎంత అన్నవి దానికన్నా ముందొస్తాయి.

120 నుంచి 150 దాకా అంతా ట్రయలే

గుంతలో పడ్డా రాయి ఎక్కినా చక్రం ఎంత మేర పైకి కదలగలదో అదే ట్రావెల్. ముందు చక్రానికి ఫోర్కు, వెనక చక్రానికి ఫ్రేమ్ మధ్యలో ఉండే షాకు ఆ పని చేస్తాయి. క్రాస్ కంట్రీ పందేల సైకిళ్లకు 100 నుంచి 120 మిల్లీమీటర్లు, ట్రయల్‌కు 120 నుంచి 150, ఎక్కువగా దిగుడు మీద పందేలు సాగే ఎండ్యూరోకు 150 నుంచి 170, కిందికి దిగడమే పనైన డౌన్‌హిల్‌కు 200 దాకా ఉంటుంది. ఈ గీతలు రాతి మీద చెక్కినవేమీ కావు. వెనక 120 మి.మీ. ఉన్న శాంటా క్రూజ్ టాల్‌బాయ్‌నీ, 150 ఉన్న ఐబిస్ రిప్మోనీ రెండింటినీ ట్రయల్ సైకిళ్లనే అమ్ముతారు. ఆ రెండూ తొక్కి చూస్తే వేరువేరు సరుకులని పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఈ ఆటకు పుట్టినిల్లయిన కాలిఫోర్నియా మరిన్ కౌంటీలో మొదట్లో సస్పెన్షన్ ఊసే లేదు. 1976లో ఫెయిర్‌ఫ్యాక్స్ దగ్గర కొండ మీంచి బరువైన పాత సైకిళ్లతో కుర్రాళ్లు కిందికి పందెం వేసుకునేవారు. ఆ సైకిళ్లకు పెడల్‌ని వెనక్కి తొక్కితే పట్టే బ్రేకు ఉండేది. ఒక్క దిగుడుకే చక్రం మధ్య హబ్బులో గ్రీజు కాలి పొగలొచ్చేది, మళ్లీ నింపుకోవాల్సి వచ్చేది. అందుకే ఆ దారికి రీప్యాక్ అని పేరు పడింది. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ ఫ్యాక్టరీలో చేయించి అమ్మిన మొదటి స్టంప్‌జంపర్‌కు కూడా ముందూ వెనకా సస్పెన్షన్ లేదు. అదే పేరుతో 2024లో వచ్చిన సైకిల్‌కు వెనక 145, ముందు 150 మి.మీ. ఉంది. ఈ రెంటినీ పక్కపక్కన పెడితే ట్రావెల్ పెరుగుతూ పోవడమే ప్రగతి అనిపిస్తుంది. ఆ భ్రమ షాపుల్లో బాగా అమ్ముడుపోతుంది.

సస్పెన్షన్ ఎలా పనిచేస్తుందో చూస్తే ఎక్కువ ట్రావెల్‌కు చెల్లించే మూల్యం తెలుస్తుంది. మనిషి ఎక్కి కూర్చోగానే షాకు కొంత కుంగుతుంది, దాన్ని సాగ్ అంటారు. వెనక షాకుకు ఇది సాధారణంగా 25 నుంచి 30 శాతం, ముందు ఫోర్కుకు 15 నుంచి 20 శాతం. వెనక 140 మి.మీ. ఉంటే, ఏ రాయీ తగలకముందే దాదాపు 40 మి.మీ. వాడేసినట్టే. ఆ కుంగుడు వృథా కాదు. గుంత వచ్చినప్పుడు చక్రం కిందికి దిగి నేలను పట్టుకోవడానికి పనికొచ్చేది అదే. కానీ ట్రావెల్ పెరిగేకొద్దీ సైకిల్ తన బరువు మీద తానే ఎక్కువ ఊగుతుంది. చదునైన మలుపులో ఒరిగి, కాళ్లతో నేలను నొక్కి వేగం రాబట్టబోతే ఆ నొక్కుడులో సగం షాకే మింగేస్తుంది.

బెంటన్‌విల్ దారుల స్వభావానికి ఇది నేరుగా తగిలే విషయం. అక్కడివి కొండలు కావు, గుట్టలు. ఎక్కుడు కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, దిగుడూ అంతే. మళ్లీ ఎక్కుడు. మనిషి కట్టిన మలుపులు, మట్టి దిబ్బలు, ఎగరడానికి గట్లు, మధ్యమధ్య సున్నపురాయి మెట్లు. రెండు గంటలు తొక్కితే అందులో ఎక్కువ భాగం పెడల్ మీదే పోతుంది. 130 మి.మీ. సైకిల్ అక్కడ చురుగ్గా కదులుతుంది, 160 మి.మీ. సైకిల్ మత్తుగా ఉంటుంది. అదే యురేకా స్ప్రింగ్స్ దగ్గర లేక్ లెదర్‌వుడ్ దారులకు వెళ్తే కథ మారుతుంది. అక్కడ బండి ఎక్కించి పైకి తీసుకెళ్తారు, తొక్కేవాళ్లు కిందికి రావడమే పని. రాళ్లు పెద్దవి, గెంతులు పొడుగు. ఆ రోజుకు 160 ఉంటే హాయి. ఏడాదిలో అలాంటి రోజులు నాలుగైదే అయితే, ఆ నాలుగైదు రోజులకు పెద్ద సైకిల్ అద్దెకు తీసుకోవడం మిగతా రోజులన్నీ దాన్ని ఈడ్చుకు తిరగడంకన్నా చవక. అద్దెకిచ్చే షాపులు ఇలాంటి ఊళ్లన్నింట్లోనూ ఉంటాయి.

అసలు మార్పు కోణాల్లో వచ్చింది

గత పదిహేనేళ్లలో ట్రయల్ సైకిల్ ఇంత బాగుపడడానికి సస్పెన్షన్ కొలతకన్నా ఫ్రేమ్ కొలతలే పెద్ద కారణం. ఇది కొట్టొచ్చినట్టు కనిపించదు కాబట్టి ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో రాదు. కంపెనీ వెబ్‌సైటులో పేజీ అడుగున జామెట్రీ అని ఓ పట్టిక ఉంటుంది. కొనేముందు గంటసేపు కూర్చోవాల్సింది దాని ముందు.

మొదటిది హెడ్ యాంగిల్, అంటే ఫోర్కు నేలతో చేసే కోణం. 2010 ప్రాంతంలో ట్రయల్ సైకిళ్లకు ఇది 68, 69 డిగ్రీలు. ఇప్పుడు 64.5 నుంచి 66 మధ్య. కోణం తగ్గేకొద్దీ ముందు చక్రం మనిషికి దూరంగా, ముందుకు వెళ్తుంది. నిటారు దిగుడులో తల కిందుగా హ్యాండిల్ మీంచి ఎగిరిపడే భయం తగ్గుతుంది, వేగంలో సైకిల్ నిలకడగా పోతుంది. దీనికి ప్రతిఫలంగా, నెమ్మదిగా ఎక్కుతున్నప్పుడు ముందు చక్రం అటూ ఇటూ వాలుతూ దారి తప్పాలని చూస్తుంది. ఇరుకు మలుపులు, గుట్టల దారులు ఎక్కువగా తొక్కేవాళ్లకు 65.5 నుంచి 66 చాలు. 64 దాకా వెళ్లడం ఎండ్యూరో పందేల అవసరం. కొన్ని సైకిళ్లలో దీన్ని మార్చుకునే వీలుంది. 2022లో వచ్చిన ట్రెక్ ఫ్యూయల్ ఈఎక్స్‌లో, ఫోర్కును ఫ్రేములో పట్టి ఉంచే హెడ్‌సెట్ కప్పులు మారిస్తే ఒక డిగ్రీ అటో ఇటో జరుగుతుంది. ఒకే సైకిల్‌తో రకరకాల చోట్లకు వెళ్లేవాళ్లకు ఈ ఏర్పాటు నిజంగా పనికొస్తుంది. కాకపోతే ఒకసారి పెట్టాక మళ్లీ దాని జోలికి వెళ్లేవాళ్లు తక్కువ.

రెండోది సీటు కోణం. పాత సైకిళ్లలో సీటు పెడల్‌కు బాగా వెనక ఉండేది. ఎక్కుడులో బరువంతా వెనక చక్రం మీద పడి, ముందు చక్రం లేచేది, వెనక షాకు అడుగంటేది. ఇప్పుడు 76 నుంచి 78 డిగ్రీల దాకా నిలబెట్టడంతో మనిషి పెడల్‌కు పైనే కూర్చుంటాడు. ట్రావెల్ ఎక్కువున్న సైకిల్ కూడా ఇవాళ గుట్ట ఎక్కగలుగుతోందంటే షాకు మహిమ కన్నా దీని చలవే ఎక్కువ. అయితే చదును రోడ్డు మీద గంటల తరబడి తొక్కితే ఇదే కోణం చేతుల మీద బరువు మోపుతుంది. ఇంటినుంచి రేజర్‌బ్యాక్ గ్రీన్‌వే తారు బాట మీద పది మైళ్లు తొక్కి, ఆ తర్వాత అడవిలో దూరేవాళ్లు 78 డిగ్రీల మోజుకు పోకపోవడం మంచిది.

మూడోది రీచ్. పెడళ్ల ఇరుసునుంచి, ఫోర్కు దూరే ముందు గొట్టం (హెడ్ ట్యూబ్) పైకొస దాకా అడ్డంగా ఉన్న దూరం. లేచి నిలబడి తొక్కేటప్పుడు చేతులకూ కాళ్లకూ మధ్య ఎంత జాగా ఉందో చెప్పేది ఇది. మీడియం సైజుకు 450 నుంచి 460 మి.మీ., లార్జ్‌కు 475 నుంచి 485 ఇప్పటి మామూలు లెక్క. అయిదడుగుల నాలుగంగుళాల మనిషికి చాలా కంపెనీల చార్టులు స్మాల్ అంటాయి. స్టాకు లేకపోతే షాపువాళ్లు మీడియం అంటగట్టాలని చూస్తారు, హ్యాండిల్‌ను ఫోర్కుకు కలిపే స్టెమ్ పొట్టిది వేస్తే సరిపోతుందంటారు. సరిపోదు. ఇప్పటి సైకిళ్లకు స్టెమ్ ఎలాగూ 35 నుంచి 50 మి.మీ. మధ్యే ఉంటుంది, ఇంకా తగ్గించడానికి అందులో ఏమీ మిగల్లేదు. పొడుగు సైకిల్ మీద పొట్టి మనిషి ముందు చక్రం మీద బరువు వేయలేడు. బరువు లేని చక్రం మలుపులో జారుతుంది.

ఎత్తు తక్కువవాళ్లు ఇంకో రెండు విషయాలు చూడాలి. ఒకటి, సీటు గొట్టం పొడవు. మీట నొక్కితే సీటు కిందికి దిగి, మళ్లీ నొక్కితే పైకి లేచే డ్రాపర్ పోస్టు ఈ రోజుల్లో ట్రయల్ సైకిల్‌కు తప్పనిసరి. గొట్టం పొడుగైతే, లేదా లోపల వంపు తిరిగి ఉంటే, 150 మి.మీ. డ్రాపర్ పట్టక 100తో సరిపెట్టుకోవాల్సి వస్తుంది. అప్పుడు దిగుడులో సీటు కడుపులో పొడుస్తుంది. రెండోది చక్రం సైజు. 29 అంగుళాల చక్రం రాళ్ల మీంచి తేలిగ్గా దొర్లిపోతుంది, పట్టు ఎక్కువ. అందుకే పెద్ద సైజుల్లో దాదాపు అన్నీ అవే. కాళ్లు పొట్టిగా ఉంటే నిటారు దిగుడులో వెనక్కి జరిగినప్పుడు ఆ చక్రం పిరుదులకు రాసుకుంటుంది. అందుకే కొన్ని కంపెనీలు అతిచిన్న సైజుకు 27.5 ఇస్తాయి, మరికొన్ని ముందు 29, వెనక 27.5 ఇస్తాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు, ఎత్తు అడ్డు రానంత వరకు, రెండూ 29 ఉండడమే మేలు.

లింకుల గొడవ

వెనక చక్రాన్ని ఫ్రేముకు కలిపే కడ్డీలు, కీళ్ల అమరికకు ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంది. ఆస్ట్రియాలో పుట్టిన ఇంజనీరు హోర్స్ట్ లైట్నర్ పేరుతో వచ్చిన హోర్స్ట్ లింక్ పేటెంటును 1998లో స్పెషలైజ్డ్ కొనేసింది. గడువు తీరేదాకా మిగతావాళ్లు అమెరికాలో దాన్ని వాడాలంటే లైసెన్సు తీసుకోవాలి, లేదంటే పక్కదారి వెతుక్కోవాలి. అలా వెతికిన పక్కదారులు కూడా ఈ పేర్ల గలాటాకు కొంత కారణం. డేవ్ వీగల్ రూపొందించిన డీడబ్ల్యూ లింక్‌ను ఐబిస్, పివట్ కంపెనీలు వాడతాయి. శాంటా క్రూజ్‌కు వీపీపీ, జెయింట్‌కు మేస్ట్రో, ట్రెక్‌కు ఏబీపీ.

ఇవన్నీ తేల్చాల్సిన చిక్కు ఒకటే. పెడల్ తొక్కినప్పుడు చైను లాగుడు వెనక చక్రాన్ని కిందికి నెట్టి, మనిషి బరువుకు షాకు కుంగకుండా ఆపగలదు. ఈ గుణాన్ని యాంటీ స్క్వాట్ అంటారు. ఎక్కువ పెడితే సైకిల్ చక్కగా ఎక్కుతుంది, కానీ రాళ్ల మీద షాకు కదిలిన ప్రతిసారీ చైను బిగిసి పెడల్ వెనక్కి తన్నుతుంది. తక్కువ పెడితే మెత్తగా ఉంటుంది, తొక్కినప్పుడల్లా ఊగుతుంది. 1990ల్లో, 2000ల మొదట్లో ఈ తేడా కంపెనీకీ కంపెనీకీ చాలా ఉండేది. ఇప్పుడు పేరున్న కంపెనీలన్నీ ఇంచుమించు ఒకే చోటికి చేరాయి. లింకు పేరు చూసి సైకిల్ ఎంచుకోవాల్సిన రోజులు పోయాయనే చెప్పాలి. గాలి ఒత్తిడి తప్పుగా పెట్టిన ఖరీదైన లింకు కన్నా, సరిగ్గా పెట్టిన మామూలు లింకు బాగా పనిచేస్తుంది.

60 కిలోల మనిషి సంగతి

ఇంగ్లిష్ సమీక్షల్లో దాదాపు కనిపించని విషయం ఇది. ఆ సమీక్షలు రాసేవాళ్లలో ఎక్కువమంది 75 నుంచి 90 కిలోల మగవాళ్లు. కంపెనీలు కూడా షాకును ఆ బరువును మనసులో పెట్టుకునే తయారుచేయిస్తాయి. మన ఇళ్లలో 55, 60 కిలోలు ఉండే ఆడవాళ్లూ మగవాళ్లూ ఎందరో. వాళ్లకు అదే సైకిల్ వేరేలా ప్రవర్తిస్తుంది.

గాలి షాకులో రెండు భాగాలుంటాయి. గాలి గది స్ప్రింగులా పనిచేస్తుంది. పంపుతో ఒత్తిడి తగ్గించుకుంటే తక్కువ బరువుకు సరిపోతుంది, దానితో పేచీ లేదు. రెండోది డ్యాంపర్. సన్నని రంధ్రాలగుండా నూనెను పంపి, షాకు కదిలే వేగాన్ని అదుపు చేస్తుంది. దీని లోపలి పలకల అమరిక ఫ్యాక్టరీలోనే ఖాయమైపోతుంది. బయటున్న మీటలు తిప్పినా మారేది కొంత మేరకే. తక్కువ బరువు మనిషి గాలి తక్కువ పెడతాడు, స్ప్రింగు తోపుడు తగ్గుతుంది. అదే నూనెను తోయడానికి ఆ తోపుడు చాలదు. ఫలితంగా, షాకు తిరిగి లేచే వేగాన్ని మార్చే ఎర్ర రీబౌండ్ మీట పూర్తిగా తెరిచినా షాకు నెమ్మదిగానే పైకి లేస్తుంది. వరసగా నాలుగు రాళ్లు వస్తే మొదటి దెబ్బనుంచి తేరుకోకముందే రెండోది, మూడోది తగిలి షాకు అడుగునే ఉండిపోతుంది. తొక్కేవాళ్లకు అది గట్టిగా, మొండిగా అనిపిస్తుంది. ట్రావెల్ సరిపోలేదేమో అనుకుని ఇంకా పెద్ద సైకిల్ కొంటారు, అక్కడా ఇదే తంతు. చలికాలంలో నూనె చిక్కబడితే ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. ఆర్కన్సాలో జనవరి ఉదయాలు సున్నాకు దిగువకు పోతుంటాయి.

దీనికి మందు ఉంది. కొనేముందే షాపులో రీబౌండ్ పూర్తిగా తెరిచి చూడాలి. తమ బరువుకు గాలి పెట్టించుకుని, సీటు మీద గట్టిగా నొక్కి వదిలితే వెనక భాగం చటుక్కున లేవాలి. అప్పటికీ బద్ధకంగా లేస్తే, మీట ఇంకా తిప్పడానికి మిగల్లేదంటే, ఆ షాకు ఆ మనిషికి కాదు. సస్పెన్షన్ సర్వీసు చేసే దుకాణాలు లోపలి పలకలు మార్చి తేలిక ట్యూన్ చేసిస్తాయి. శాంటా క్రూజ్ తన జూలియానా సైకిళ్లకు అదే ఫ్రేముకు తేలిక ట్యూన్ షాకు బిగించి అమ్ముతూ వచ్చింది. ఆడవాళ్ల సైకిల్ అని రాసి ఉన్నా బక్కపల్చని మగవాడు దాన్ని కొనడానికి మొహమాటపడనక్కర్లేదు.

బరువెక్కువ ఉన్నవాళ్లకు చిక్కు తిరగబడుతుంది. 95 కిలోల మనిషి షాకులో కంపెనీ చెప్పిన గరిష్ఠ ఒత్తిడి దగ్గరకు వెళ్లాల్సి రావచ్చు. గాలి గదిలో ప్లాస్టిక్ ముక్కలు వేసి చోటు తగ్గిస్తే, చివర్లో షాకు బిగుస్తుంది, అడుగు తగలదు. ఈ ముక్కల ఖరీదు చాలా తక్కువ, ఇంట్లోనే వేసుకోవచ్చు.

సాగ్ కొలవడం కూడా ఇంట్లో పనే. షాకు మీద చిన్న రబ్బరు రింగు ఉంటుంది. వీపు సంచి, నీళ్లు, హెల్మెట్‌తో సహా ఎక్కి, రింగును సీలుకు ఆనించి, ఊగకుండా దిగితే అది ఎంత జరిగిందో తెలుస్తుంది. షాకు కడ్డీ మొత్తం కదిలే దూరం (స్ట్రోకు) 55 మి.మీ. అయితే 30 శాతం అంటే 16.5 మి.మీ. కొత్త సైకిల్ ఇంటికొచ్చిన మొదటి రోజు చేయాల్సిన పని ఇది. 6,000 డాలర్లు పెట్టి, 40 డాలర్ల షాకు పంపు కొనక, షాపువాడు పెట్టిన గాలితోనే ఏడాది తొక్కేవాళ్లు తక్కువేం కాదు.

టైర్లు, బ్రేకులు

సైకిల్ స్వభావాన్ని తక్కువ ఖర్చుతో మార్చగలిగేది టైరు. 130 మి.మీ. సైకిల్‌కు గట్టి టైర్లు వేస్తే అది కాస్త ఎండ్యూరోలా ప్రవర్తిస్తుంది. 150 సైకిల్‌కు తేలిక టైర్లు వేస్తే ఎక్కుడులో ప్రాణం లేచొస్తుంది. మ్యాక్సిస్ కంపెనీ మినియన్ డీహెచ్ఎఫ్, అసెగాయ్ లాంటివి ముందు చక్రానికి మంచి పట్టు ఇస్తాయి. వెనక డిసెక్టర్ లాంటి కాస్త వేగంగా దొర్లేది వేస్తే తొక్కుడు తేలిక. వెడల్పు 2.4 లేదా 2.5 అంగుళాలు, రిమ్ము లోపలి వెడల్పు 30 మి.మీ. చుట్టుపక్కల. ట్యూబ్ తీసేసి లోపల సీలెంట్ ద్రవం పోయడం ఇప్పుడు మామూలైపోయింది. దానివల్ల గాలి తక్కువ పెట్టుకోవచ్చు. 65 కిలోల మనిషికి ముందు 20 పీఎస్ఐ, వెనక 23 దగ్గర మొదలుపెట్టి చూసుకోవచ్చు.

ఓజార్క్ గుట్టల్లో చెర్ట్ అనే చెకుముకి రాయి జాతి రాయి విరివిగా ఉంటుంది. విరిగితే అంచు కత్తిలా ఉంటుంది, టైరు పక్కగోడను కోసేస్తుంది. సీలెంట్ చిన్న చిల్లులను మూస్తుంది గానీ ఆ కోతకు చేతులెత్తేస్తుంది. కాబట్టి అక్కడ, కనీసం వెనక చక్రానికి, పక్కగోడ మందంగా ఉన్న రకం తీసుకోవాలి. టైరుకు వందో రెండు వందలో గ్రాములు పెరుగుతుంది. కాలిఫోర్నియా మెత్తటి మట్టి దారుల్లో తొక్కి రాసిన సమీక్ష చదివి టైరు కొంటే ఇక్కడ అడవిలోంచి సైకిల్ నడిపించుకుంటూ రావాల్సి ఉంటుంది.

బ్రేకుల దగ్గర కంపెనీలు చడీచప్పుడు లేకుండా డబ్బు మిగుల్చుకుంటాయి. ఫ్రేము, ఫోర్కు పేరు గొప్పగా ఉంటుంది, బ్రేకులు మాత్రం రెండు పిస్టన్లవి, 180 మి.మీ. రోటర్లతో (బ్రేకు పట్టే పళ్లేలతో) వస్తాయి. ట్రయల్ సైకిల్‌కు నాలుగు పిస్టన్లు, ముందు 200 మి.మీ. రోటరు ఉండడం మేలు. లేకపోతే కొన్న వెంటనే ముందు రోటరు మార్చుకోవచ్చు, ఫోర్కు పెద్ద రోటరుకు అనుమతిస్తుందో లేదో మాత్రం చూసుకోవాలి. షిమానో బ్రేకుల్లో మినరల్ ఆయిల్, శ్రామ్ పాత మోడళ్లలో డాట్ ద్రవం ఉంటాయి. ఒకదాంట్లో ఇంకోటి పోస్తే సీళ్లు పాడైపోతాయి.

డబ్బు ఎక్కడ పెట్టాలి

ఒకే సైకిల్‌ను కంపెనీలు అయిదారు ధరల్లో అమ్ముతాయి. జామెట్రీ ఒకటే, సస్పెన్షన్ లింకు ఒకటే. అట్టడుగు ధరనుంచి ఒక మెట్టు పైకెక్కితే ఫోర్కు డ్యాంపర్, బ్రేకులు మెరుగవుతాయి, ఆ డబ్బుకు విలువ ఉంది. అక్కడినుంచి పైకి పోయేకొద్దీ పెట్టిన డబ్బుకు దక్కేది తగ్గిపోతుంది. కార్బన్ ఫ్రేముకు అల్యూమినియం కన్నా వెయ్యి, రెండు వేల డాలర్లు ఎక్కువ పెడితే బరువు తగ్గేది అర కిలో నుంచి ఒక కిలో. పూర్తి సైకిల్ 14, 15 కిలోలు ఉంటుంది, దాని మీద మనిషి 70. అదే డబ్బులో పావు వంతుతో మంచి టైర్లు, పెద్ద రోటరు, షాకు ట్యూన్ అన్నీ అయిపోతాయి.

గేర్ల విషయంలో పెద్దగా తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. 2012లో శ్రామ్ ముందు ఒకే పళ్ల చక్రం, వెనక పదకొండు ఉన్న ఎక్స్ఎక్స్1 తెచ్చాక, ముందు గేర్లు మార్చే మీట ట్రయల్ సైకిళ్లనుంచి మాయమైపోయింది. ఇప్పుడు వెనక పన్నెండు. షిమానో డియోర్ 12 స్పీడ్‌లో 10 నుంచి 51 పళ్ల దాకా ఉంది, ముందు 32 పెట్టుకుంటే ఎంత నిటారు గుట్టయినా ఎక్కొచ్చు. ఖరీదైన గేర్లు కాస్త తేలిక, కాస్త చురుకు, అంతే. రాయికి తగిలి విరిగినప్పుడు మాత్రం డియోర్ డిరేలియర్ (వెనక గేర్లు మార్చే భాగం) ధర చూసి ఊపిరి పీల్చుకుంటారు, వైర్‌లెస్ దాని ధర చూసి కూలబడతారు.

బెంటన్‌విల్‌లాంటి చోట మొదటి ఫుల్ సస్పెన్షన్ (ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్న) సైకిల్ కొనేవాళ్లకు వెనక 130, ముందు 140 దరిదాపుల్లో, అల్యూమినియం ఫ్రేము, 65.5 డిగ్రీల హెడ్ యాంగిల్ ఉన్నది సరిపోతుంది. మరిన్ కంపెనీ రిఫ్ట్ జోన్ ఆ కోవలోదే. కొలరాడో, యూటా వెళ్లి రాళ్ల దారుల్లో తరచూ తిరిగేవాళ్లు 140/150కి వెళ్లొచ్చు. ఎలక్ట్రిక్ మోటారు ఉన్నవి వేరే లెక్క. చాలావాటి బరువు 20 కిలోలు దాటుతుంది, అన్ని దారుల్లోకీ రానివ్వరు, బ్యాటరీ ఉన్న సైకిల్‌ను విమానం ఎక్కించలేరు.

సర్వీసు ఖర్చు, పాత సైకిల్, ఇండియా ప్రయాణం

ఫుల్ సస్పెన్షన్ కొనడంతో ఖర్చు ముగిసిపోదు. సస్పెన్షన్ తయారుచేసే రాక్‌షాక్స్ కంపెనీ తన ఫోర్కుల కింది కాళ్లలో నూనె 50 గంటలకోసారి, లోపలి డ్యాంపర్ 200 గంటలకోసారి సర్వీసు చేయాలంటుంది. ఆ రంగంలోనే ఇంకో కంపెనీ ఫాక్స్ అయితే 125 గంటలకు లేదా ఏడాదికోసారి అంటుంది. వారానికి నాలుగు గంటలు తొక్కినా మూడు నెలల్లో 50 గంటలు గడిచిపోతాయి. కింది కాళ్ల సర్వీసు ఇంట్లో చేసుకోవచ్చు, డ్యాంపర్‌ను దుకాణానికే ఇవ్వాలి. వెనక కీళ్లలో పది, పన్నెండు బేరింగులుంటాయి. బురదలో తొక్కి, ప్రెషర్ వాషర్‌తో కడిగితే గ్రీజు కొట్టుకుపోయి తుప్పు పడతాయి.

పాత సైకిల్ కొనేటప్పుడు తెలిసేది కూడా ఇక్కడే. సీటు పట్టుకుని మెల్లగా పైకెత్తి దించితే టక్కుమని చిన్న వదులు తెలిసిందంటే షాకు బుష్షో, కీలు బేరింగో అరిగింది. ఫోర్కు కడ్డీ మీద గోరు గీసి చూస్తే గోటికి తగిలే గీత ఉంటే నూనె కారుతుంది, కడ్డీ మార్చడం చాలా ఖరీదు. కార్బన్ ఫ్రేమైతే పెడల్ ఇరుసు చుట్టూ, కింది గొట్టం అడుగున రాళ్ల దెబ్బలు చూడాలి. ఫ్రేము మీద జీవితకాలం వారంటీ అని రాసి ఉన్నా చాలా కంపెనీలు మొదట కొన్నవాళ్లకే ఇస్తాయి. ఆ తేడాను ధరలో తగ్గించి అడగడం న్యాయమే.

కొన్నాళ్లకు హైదరాబాద్ తిరిగి వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు సైకిల్‌ను కూడా తీసుకెళ్లొచ్చా అని అడుగుతుంటారు. తీసుకెళ్లొచ్చు, అక్కడ ఖాజాగూడ వైపు గ్రానైట్ గుట్టల మీద, వికారాబాద్ అనంతగిరి అడవిలో దానికి పని దొరుకుతుంది. కానీ ఆ దారులకు ముందు ఫోర్కు మాత్రమే ఉండే హార్డ్‌టెయిల్ చాలావరకు సరిపోతుంది. కీళ్లు, వెనక షాకు లేకపోవడం వల్ల దాన్ని చూసుకోవడమూ తేలిక. ఫుల్ సస్పెన్షనే తీసుకెళ్లాలనుకుంటే, విమానం ఎక్కించేముందు ఫోర్కుకూ షాకుకూ పూర్తి సర్వీసు చేయించి, ఆ మోడల్‌కు సరిపోయే సీల్ కిట్లు రెండు, బేరింగుల సెట్ ఒకటి, డిరేలియర్‌ను ఫ్రేముకు పట్టించే హ్యాంగర్ ఒకటి పెట్టెలో పెట్టుకోవాలి. ఊళ్లో మెకానిక్‌కు చేయి తిరిగి ఉన్నా, ఆ సైజు సీలు లేకపోతే ఫోర్కు నెలల తరబడి మూలన పడి ఉంటుంది.